బోరు నీటిలోని ఫ్లోరైడ్‌పై మా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు: నా అనుభవం

ఇంజనీరింగ్ నాలుగో సంవత్సరంలో ప్రాజెక్టు అంశం ఎంచుకోవలసి వచ్చినప్పుడు మా సివిల్ విభాగంలో అందరి చూపూ కాంక్రీటు ల్యాబు వైపే ఉండేది. సిమెంటులో కొంత భాగానికి బదులు బూడిదనో స్లాగునో కలిపి క్యూబులు పోయడం, 7 రోజులకూ 28 రోజులకూ వాటిని యంత్రంలో పెట్టి పగలగొట్టి బలం చూడడం మా కాలేజీలో ఏళ్ళ తరబడి నడుస్తున్న దారి. ఆ దారిలో చక్కటి పని చేసిన సీనియర్లు ఉన్నారు కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడను. నలుగురమున్న మా బ్యాచ్ ఆ దారి విడిచి పర్యావరణ ఇంజనీరింగ్ ల్యాబుకు వెళ్ళడానికి కారణం నేను పుట్టిన ఊరు.

మాది కనిగిరి వైపు పల్లె. మన దేశంలో, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించి మొదటిసారి 1937లో ప్రచురించినది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. ఆ జిల్లాలో ఉండిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. పళ్ళు గారపట్టిన పిల్లలు, నడుము వంగిపోయి మెడ పక్కకు తిప్పలేని పెద్దవాళ్ళు మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కళ్ళకు అలవాటైపోయారు. ఇప్పుడు తాగడానికి ప్లాంటు నుంచి క్యాన్లు వస్తున్నా, వంటకూ పశువులకూ, వేసవిలో క్యాను అందని పూట తాగడానికీ బోరే దిక్కు. నాలుగేళ్ళు చదివిన చదువులో ఒక్క సెమిస్టరయినా ఈ నీటి మీద పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది, మిగతా ముగ్గురూ ఒప్పుకున్నారు.

మేము మొదట రాసుకుని వెళ్ళిన శీర్షిక ‘స్థానిక పదార్థాలతో నీటిలోని ఫ్లోరైడ్ తొలగింపుపై అధ్యయనం’. మా గైడ్ మేడమ్ దాన్ని చదివి, పెన్సిల్‌తో ‘అధ్యయనం’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, “ఇందులో ప్రశ్న ఎక్కడుందమ్మా? పని అంతా అయ్యాక అవుననో కాదనో చెప్పగలిగేలా ఒక ప్రశ్న రాసుకురండి, అప్పుడు మాట్లాడుకుందాం” అని పంపించారు. ఆ మాట మాకు అప్పుడు కొంచెం కష్టంగా తోచింది గానీ, తరువాత చేసిన పనికి ఆధారం అదే అయింది. ప్రశ్న కోసం చదవడం మొదలుపెట్టాక మాత్రమే ఆ రంగంలో ఎవరు ఎంతవరకు వచ్చి ఆగారో తెలిసింది.

ఫ్లోరైడ్ తొలగింపులో మన ప్రాంతం పేరుతోనే ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి, పైనీటిని వడకడతారు. ఖర్చు తక్కువ, విద్యుత్తు లేకపోయినా నడుస్తుంది. కానీ మడ్డి ఎక్కువగా తయారవుతుంది, పటిక మోతాదు సరిగా చూసుకోకపోతే శుద్ధిచేసిన నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల మీదుగా నీటిని పంపే పద్ధతి, ఎముకల బొగ్గు పద్ధతి, ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తున్న ఆర్‌వో పద్ధతి మిగిలినవి. వీటికి తోడు చింతగింజల పొడి, వేపాకు, మునగ గింజలు, వరి ఊక, కోడిగుడ్డు పెంకులు వంటి వాటితో చేసిన అధిశోషణ (పదార్థం ఉపరితలానికి ఫ్లోరైడ్ అంటుకునేలా చేయడం) పరిశోధనలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటిని చదివిన మీదట నాకు ఒక సంగతి పదేపదే కనిపించింది. ఫ్లోరైడ్ ఎంత శాతం పోయిందో చెప్పే పట్టిక ముందుంటుంది, ఆ నీరు ఎక్కడిదో చెప్పే వాక్యం పద్ధతుల విభాగంలో ఒక మూల ఉంటుంది. ఆ వాక్యం తీసి చూస్తే, ఎక్కువసార్లు, సోడియం ఫ్లోరైడ్ పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి ల్యాబులో తయారుచేసిన నీరే. పల్లెలో ఎవరూ తాగని నీరు అది.

మా ప్రశ్న అక్కడే దొరికింది. మా వైపు ఎక్కడ చూసినా పెరిగే సర్కారు తుమ్మ చెట్టు బొగ్గుకు అల్యూమినియం హైడ్రాక్సైడ్ పూత పెడితే, అది డిస్టిల్డ్ వాటర్‌లో ఎంత ఫ్లోరైడును పట్టుకుంటుందో మా ఊరి బోరు నీటిలోనూ అంతే పట్టుకుంటుందా, పట్టుకోకపోతే ఎందువల్ల? భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు అంగీకారయోగ్యం, మరో నీటి వనరు లేని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి కూడా 1.5 మిల్లీగ్రాములే. ఈ రెండు అంకెలను మా పనికి గీతలుగా పెట్టుకున్నాం. మేడమ్ ఈసారి శీర్షికలో ఒక్క మాట కూడా మార్చలేదు.

బొగ్గు సంపాదించడం తేలికైన పనే, బట్టీల దగ్గర బస్తాల్లెక్కన దొరుకుతుంది. దాన్ని దంచి, జల్లించి, 600 మైక్రాన్ల జల్లెడలోంచి దిగి 300 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచిన గింజలను మాత్రమే తీసుకున్నాం. అంతకన్నా సన్నటి పొడి ఫ్లోరైడును ఇంకా బాగా పట్టుకుంటుంది గానీ నీటిలోంచి దాన్ని తిరిగి వేరుచేయడం కష్టం, ఇంట్లో వాడే వడపోతకు అది పనికిరాదు. నల్లనీళ్ళు రావడం ఆగేదాకా కడిగి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, అల్యూమినియం సల్ఫేట్ ద్రావణంలో నానబెట్టాం. తరువాత కలియబెడుతూ కాస్టిక్ సోడా ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా వదిలితే, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) ఏడుకు చేరువవుతుండగా తెల్లటి జిగురు తుంపరలు ఏర్పడి బొగ్గు గింజలకు అంటుకుంటాయి. తొందరపడి క్షారం ఒక్కసారి పోస్తే ఆ తెల్లటి పదార్థం గింజలకు పట్టకుండా విడిగా అడుగుకు చేరుతుంది కాబట్టి ఈ మెట్టు దగ్గర ఓపిక తప్పనిసరి. ఆ తరువాత సల్ఫేటు మిగలకుండా కడగాలి. కడిగిన నీటిలో రెండు చుక్కల బేరియం క్లోరైడ్ వేసి చూస్తే, సల్ఫేటు ఉన్నంతకాలం పాలలాంటి తెలుపు వస్తూనే ఉంటుంది. ఆ తెలుపు రావడం ఆగేవరకూ కడుగుతూ పోయాం. ల్యాబు అటెండరు అన్న ఈ పనిలో మాకు నేర్పినంత పుస్తకాలు నేర్పలేదు. ఫ్లాస్కు మెడ దగ్గర కంటిని గీతకు సమానంగా ఎలా పెట్టాలో, పిపెట్‌ను ఏ నీటితో ఎన్నిసార్లు తొలచాలో ఆయన చేసి చూపించారు.

ఇక కొలత సంగతి. ఈ ప్రాజెక్టులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన భాగం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మా ల్యాబులో ఉన్నది స్పెక్ట్రోఫోటోమీటరు, దాంతో వాడేది స్పాడ్‌న్స్ పద్ధతి. జిర్కోనియం, స్పాడ్‌న్స్ అనే రంగు పదార్థం కలిసి ముదురు ఎరుపు రంగు సంయోగంగా ఉంటాయి. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియాన్ని ఆ రంగు నుంచి విడదీసి తనతో కలుపుకుంటుంది, దాంతో ఎరుపు పలచబడుతుంది. ఎంత పలచబడిందో 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచి ఫ్లోరైడ్ ఎంతుందో లెక్కగడతారు. కంటికి కనిపించే తేడా చాలా స్వల్పం. ఫ్లోరైడ్ లేని గొట్టాన్నీ, 1 మిల్లీగ్రాము ఉన్న గొట్టాన్నీ పక్కపక్కన తెల్లకాగితం ముందు పట్టుకుంటే రెండో దాంట్లో ఎరుపు కాస్త తేరినట్టు పోల్చుకోగలం గానీ, మొత్తం భారం యంత్రం మీదే. ఈ పద్ధతి 1.4 మిల్లీగ్రాముల వరకే నమ్మదగినది కాబట్టి అంతకు మించిన నమూనాలను కొలతప్రకారం పలచన చేయాలి. ప్రమాణ ద్రావణం కోసం ఆరబెట్టిన సోడియం ఫ్లోరైడును 221 మిల్లీగ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వస్తుంది. దాన్ని గాజు సీసాలో నిలవ ఉంచకూడదు, ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి. ఆ ఎర్ర రంగు ద్రావణాన్ని, అంటే రియేజెంటును, కొత్తగా కలిపిన ప్రతిసారీ ప్రమాణ వక్రరేఖను (తెలిసిన ఫ్లోరైడ్ మోతాదులకు యంత్రం చూపే రీడింగుల గీతను) మళ్ళీ మొదటి నుంచి గీయాలి.

నీటి పరీక్షల ప్రామాణిక పుస్తకంలో ఈ పద్ధతి కింద ఏయే పదార్థాలు అడ్డుపడతాయో ఒక పట్టిక ఉంది. అందులో మేడమ్ మాచేత ప్రత్యేకంగా చదివించినది అల్యూమినియం వరుస. అల్యూమినియం ఫ్లోరైడును గట్టిగా పట్టుకుంటుంది. నీటిలో అల్యూమినియం కొద్దిగా ఉన్నా, ఆ పట్టులో ఉన్న ఫ్లోరైడ్ జిర్కోనియం జోలికి పోలేదు, ఎరుపు పలచబడదు, యంత్రం ఫ్లోరైడ్ తక్కువగా ఉన్నట్టు చూపిస్తుంది. మా పదార్థానికి పూత పెట్టినదే అల్యూమినియంతో. ఆ పూత నుంచి కొంచెం నీటిలోకి కారినా, ఫ్లోరైడ్ నీటిలోనే ఉండగా అది పోయినట్టు మా పట్టికలో నమోదవుతుంది, మా పదార్థం ఎంత నాసిరకమైతే ఫలితం అంత గొప్పగా కనిపించే ప్రమాదం ఉంది.

ఇది కాగితం మీద అర్థం కావడం వేరు, కళ్ళతో చూడడం వేరు. 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న ఒకే ద్రావణాన్ని రెండు భాగాలు చేసి, ఒకదానిలో అతి కొద్దిగా అల్యూమినియం సల్ఫేట్ కలిపి, రెండింటికీ రియేజెంటు పోసి వెంటనే యంత్రంలో పెట్టాం. ఫ్లోరైడ్ రెండింట్లోనూ ఒక్కటే అయినా అల్యూమినియం కలిపిన దానిలో రీడింగు స్పష్టంగా తగ్గింది. అవే గొట్టాలను రెండు గంటలు అలాగే ఉంచి మళ్ళీ చూస్తే తేడా చాలావరకు పూడిపోయింది, ఎందుకంటే రియేజెంటులోని ఆమ్లంలో అల్యూమినియం పట్టు నెమ్మదిగా సడలి ఫ్లోరైడ్ విడుదలవుతుంది. ఆ రోజు నుంచి ప్రతి నమూనానూ రియేజెంటు పోసిన తరువాత రెండు గంటలు ఆగి కొలవడం నియమంగా పెట్టుకున్నాం. అది చాలదని మేడమ్, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉన్న ఒక విశ్వవిద్యాలయ ల్యాబులో మా నమూనాలు కొన్నింటిని కొలవడానికి అనుమతి తెచ్చిపెట్టారు.

ఆ ఎలక్ట్రోడ్‌ను 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెలువరించారు. దాని కొసన ఉండే లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ప్రధానంగా నీటిలోని ఫ్లోరైడ్‌కే స్పందిస్తుంది. గాఢత పది రెట్లు మారితే, 25 డిగ్రీల దగ్గర, సుమారు 59 మిల్లీవోల్టుల మార్పు రావాలి. ముందు ప్రమాణ ద్రావణాల్లో ఆ తేడా వస్తోందో లేదో చూసుకున్న తరువాతే నమూనాలు పెట్టాలి. నమూనాతో సమానంగా టిసాబ్ అనే బఫర్ కలుపుతారు. అది పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలబెట్టి, అల్యూమినియాన్ని తాను పట్టుకుని ఫ్లోరైడును విడిచిపెడుతుంది. రెండు పద్ధతుల రీడింగులనూ ఒకదాని పక్కన ఒకటి వేసి, అవి దగ్గరగా ఉన్నాయని తేలాకే మా అంకెలను నమ్మాం. రిపోర్టులో ఈ పోలిక ఉన్న పేజీ చిన్నదే, కానీ దాని వెనక ఉన్న పని మిగతా అధ్యాయాలన్నిటికీ పునాది.

డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన భాగం సాఫీగా సాగింది. మూతలున్న ప్లాస్టిక్ సీసాల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున నీరు తీసుకుని, బొగ్గు మోతాదు, సమయం, పీహెచ్ ఒక్కొక్కటిగా మారుస్తూ షేకరులో తిప్పి, వడపోసి కొలిచాం. పూత లేని ఉత్త బొగ్గు ఫ్లోరైడును దాదాపుగా ముట్టుకోలేదు. పూత ఉన్నది లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ నుంచి మొదలుపెట్టినా 1.0 గీత కిందికి తెచ్చింది. పీహెచ్ 6, 7 మధ్య బాగా పనిచేసి, 8 దాటాక జారిపోయింది. పదార్థం ఎంత పట్టుకోగలదో లెక్కగట్టే లాంగ్‌మ్యూర్, ఫ్రాయిండ్లిష్ సమీకరణాలూ, వేగానికి సంబంధించిన నమూనాలూ అందరిలాగే మేమూ వేశాం. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. అధిశోషణ వేగాన్ని సూడో సెకండ్ ఆర్డర్ సమీకరణంలో పెడితే సరళరేఖ దాదాపు ఎప్పుడూ అందంగానే వస్తుంది. దాన్ని చూసి లోపల జరిగిన రసాయన చర్య ఫలానాదని తేల్చిచెప్పడం సరికాదు. మేము గ్రాఫు ఇచ్చి, దాని నుంచి ఏ నిర్ణయమూ తీయకుండా వదిలేశాం.

బోరు నీటి కోసం మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ వెళ్ళాం. చేతిపంపును కొంతసేపు కొట్టి గొట్టంలో నిలవున్న నీరంతా పోయేదాకా ఆగాలి, అదే నీటితో పాలిథీన్ సీసాను మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి మూత బిగించాలి. పీహెచ్‌ను, విద్యుత్ వాహకతను అక్కడికక్కడే కొలవాలి, ఎందుకంటే సీసా తెరిచి ఉంచితే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది. ఒక పంపు దగ్గర బిందె పట్టుకోవడానికి వచ్చిన పెద్దావిడ మేము సీసాల మీద పేర్లు రాయడం చూసి, “ఈ నీళ్ళ సంగతి మాకు తెలవందా అమ్మాయ్, ఎన్నిసార్లు పట్టుకపోతారు? పోగొట్టే మందేదన్నా కనిపెట్టారా అది చెప్పు” అన్నారు. “ఇంకా లేదు పెద్దమ్మా, దాని కోసమే చూస్తున్నాం” అని మాత్రమే చెప్పగలిగాను. ఏళ్ళ తరబడి నమూనాలు ఇచ్చి ఇచ్చి, ఫలితం ఏమిటో తిరిగి వినని వాళ్ళు అలా అడగడం న్యాయమే.

ల్యాబులో ఆ నీటికి రెండో సంవత్సరంలో నేర్చుకున్న పరీక్షలే ముందు చేశాం. ఈడీటీఏ టైట్రేషన్‌లో నీటి కఠినత్వం తక్కువగా తేలింది, ద్రాక్ష ఎరుపు నుంచి నీలం రంగులోకి మారడానికి బ్యూరెట్ నుంచి దిగిన ద్రావణం కొద్దిగానే. అదే క్షారత కోసం మిథైల్ ఆరెంజ్ వేసి ఆమ్లం వదిలితే, పసుపు రంగు నారింజకు తిరగడానికి బ్యూరెట్‌లో చాలా దూరం దిగవలసి వచ్చింది. అంటే కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ. పీహెచ్ 8కి పైన. ఫ్లోరైడ్ మేము ఊహించిన పరిధిలోనే, ప్రమాణానికి చాలా పైన ఉంది. ఈ నీటిలో, డిస్టిల్డ్ వాటర్‌లో చక్కగా పనిచేసిన అదే మోతాదు బొగ్గు వేసి, అంతే సమయం తిప్పితే, ఫ్లోరైడ్ తగ్గింది గానీ 1.5 గీతకు కూడా దిగలేదు. నమూనా మార్చినా, బొగ్గు మార్చినా, ఎలక్ట్రోడ్‌తో కొలిచినా అదే జవాబు.

ఎందువల్లనన్నది ఊహగా రాసి వదిలేయవచ్చు, చాలా రిపోర్టుల్లో ‘ఇతర అయాన్ల పోటీ వల్ల’ అన్న ఒక్క వాక్యంతో ఆ పని ముగుస్తుంది. మేడమ్ దానికి ఒప్పుకోలేదు, “పోటీ ఎవరిదో పట్టుకోండి” అన్నారు. అందుకని బోరు నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందో సరిగ్గా అంతే ఉన్న మూడు నీళ్ళు ల్యాబులో తయారుచేశాం. మొదటిది డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ మాత్రమే. రెండోదానిలో బోరు నీటి క్షారతకు సమానంగా సోడియం బైకార్బొనేట్, అంటే వంటసోడా, కలిపాం. మూడోదానిలో బైకార్బొనేట్ లేకుండా, లవణాలు మొత్తం మీద దగ్గరగా ఉండేలా మామూలు ఉప్పు కలిపాం. ఈ మూడింటినీ అసలు బోరు నీటితో పాటు ఒకే రోజు, ఒకే షేకరులో, ఒకే బొగ్గుతో నడిపాం. ఉప్పు కలిపిన నీరు ఇంచుమించు మొదటిదానిలాగే ప్రవర్తించింది. వంటసోడా కలిపిన నీరు బోరు నీటి పక్కకు వచ్చి నిలిచింది. ఈ నాలుగు నిలువు గీతలున్న గ్రాఫు మా రిపోర్టు మొత్తంలో నేను ఎక్కువగా విలువిచ్చేది.

దాని వెనక ఉన్న కారణం తెలిశాక నాకు ఆశ్చర్యమూ, మా నేల మీద కొత్త గౌరవమూ కలిగాయి. మా వైపు రాళ్ళలో ఫ్లోరైడ్ ఉండే ఖనిజాల్లో ఒకటైన ఫ్లోరైట్ రసాయనికంగా కాల్షియం ఫ్లోరైడ్. నీటిలో కాల్షియం దండిగా ఉన్నంతకాలం అది ఎక్కువగా కరగలేదు. వానలు తక్కువై ఎండలు ఎక్కువైన నేలలో బైకార్బొనేట్ పెరిగి, కాల్షియం సున్నపు గడ్డలుగా మట్టిలో పేరుకుపోయి నీటిలో తగ్గిపోతుంది. అప్పుడు ఫ్లోరైడ్‌కు అడ్డు తొలగి అది నీటిలోకి దిగుతుంది. నేలలోంచి ఫ్లోరైడును బయటకు తెచ్చే ఆ బైకార్బొనేటే, మేము పట్టుకోబోయినప్పుడు పీహెచ్‌ను పైన నిలబెట్టి, పూత మీది స్థానాలకు తానే పోటీపడి, మా పదార్థాన్ని పనిచేయనివ్వడం లేదు. అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలోనే, సరిగ్గా ఆ కారణం చేతనే, ఇటువంటి వడపోత బలహీనపడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో ఆగిన పరిశోధన ఎంత శ్రద్ధగా చేసినా ఈ ముడిని చూడలేదు. అందుకే ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేసేవాళ్ళు ఎవరైనా మొదటి నెలలోనే ఒక బిందె బోరు నీరు ల్యాబుకు తెచ్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

తరువాత బోరు నీటికి పలచటి ఆమ్లం కలిపి పీహెచ్‌ను 6.5 దగ్గరకు దించి చూస్తే పదార్థం పోగొట్టుకున్న శక్తిలో చాలా భాగం తిరిగి వచ్చింది. కానీ ఇంట్లో రోజూ తాగునీటిలో ఆమ్లం కలుపుకోమని ఎవరికీ చెప్పలేం. మోతాదు పెంచితే గీత కిందికి వస్తుంది, అప్పుడు వాడేసిన బొగ్గు కుప్ప పెరుగుతుంది. మిగిలిపోయే అల్యూమినియం మీద కూడా శ్రద్ధ పెట్టాం. తాగునీటిలో అది లీటరుకు 0.03 మిల్లీగ్రాముకు మించకూడదని, గత్యంతరం లేనిచోట 0.2 వరకు ఉండవచ్చని అదే ఐఎస్ 10500 చెబుతుంది. బయట కొలిపించిన నమూనాల్లో బోరు నీటి పీహెచ్ దగ్గర అది అనుమతి లోపే ఉంది, ఆమ్లం కలిపి పీహెచ్ బాగా దించిన కొద్దీ పెరిగింది. ఫ్లోరైడును దించబోయి అల్యూమినియం ఎక్కించడం ఎవరికీ మేలు కాదు కాబట్టి ఆ అంకెలన్నీ రిపోర్టులో పెట్టాం.

రిపోర్టు రాసే సమయానికి క్యాంపస్ ఇంటర్వ్యూలు, ఆఖరి రివ్యూలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మా నలుగురిలో ఇద్దరికి బోరు నీటి అధ్యాయం పెడితే మార్కులు తగ్గుతాయేమోనన్న భయం ఉండేది. ‘ఫలితం రాలేదు’ అని బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ పరీక్షకుడు అంటే ఏం చేయాలన్నది వాళ్ళ దిగులు, ఉద్యోగం చేతికి రాని ఆ రోజుల్లో ఆ దిగులును తేలిగ్గా తీసుకోలేం. ఒక సాయంత్రం మేడమ్ గదిలో కూర్చుని దీని గురించి తీరికగా మాట్లాడుకున్నాం. ఆమె ఒత్తిడి చేయలేదు. మొదటి రోజు రాసుకున్న ప్రశ్నను నోట్‌బుక్‌లో తీసి చూపించి, “మీరు అడిగింది ఇది, దీనికి మీ దగ్గర ఆధారంతో సహా జవాబు ఉంది, ఇక నిర్ణయం మీదే” అన్నారు. ఆ అధ్యాయం చివర్లో కాక రిపోర్టు మధ్యలో పెట్టాలని మేమే తీర్మానించుకున్నాం. సారాంశంలో శాతం రాసిన ప్రతిచోటా అది ఏ నీటికి సంబంధించినదో అదే వాక్యంలో రాశాం. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది గానీ, దాన్ని పాటించడం మొదలుపెట్టాక మా వాక్యాల్లో సగం తిరగరాయవలసి వచ్చింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ అధిశోషణ సమీకరణాల మీద రెండు ప్రశ్నలు అడిగి, తరువాత ఎక్కువసేపు వాడేసిన బొగ్గు మీదే ఆగారు. ఫ్లోరైడ్ పట్టిన బొగ్గును పల్లెలో ఎక్కడ పారేస్తారు, వర్షానికి అది మళ్ళీ నేలలోకి దిగదా అని అడిగారు. క్షార ద్రావణంతో కడిగితే ఫ్లోరైడ్ చాలావరకు విడిపోతుందని, దాన్ని మళ్ళీ అల్యూమినియం ద్రావణంలో నానబెట్టి తిరిగి వాడవచ్చని, అయితే విడిపోయిన ఆ గాఢమైన ఫ్లోరైడ్ నీటికి సున్నం కలిపి కాల్షియం ఫ్లోరైడుగా దించవలసిన బాధ్యత మిగులుతుందని మా బ్యాచ్‌లోని అమ్మాయి వివరించింది. ఆ పని ల్యాబులో ఎంతవరకు చేశామో, ఎక్కడ ఆపామో కూడా చెప్పింది. నాలుగు గీతల గ్రాఫు ఉన్న పేజీని ఆయన వెనక్కి తిప్పి మరోసారి చూసి, బైకార్బొనేట్ నీటి పీహెచ్ ఎంతో, దాన్ని ఎప్పుడు కొలిచారో అడిగారు. షేకరులో పెట్టకముందూ, తీసిన తరువాతా రెండుసార్లు కొలిచిన అంకెలు నోట్‌బుక్‌లో ఉన్నాయి కాబట్టి చూపించాం.

పరీక్షలు అయిపోయాక, నమూనాలు ఇచ్చిన ప్రతి బోరుకూ ఫ్లోరైడ్, కఠినత్వం, క్షారత ఎంతెంత ఉన్నాయో తెలుగులో ఒక్కో కాగితం మీద రాసి, తాగడానికీ వంటకూ ఏ బోరు కొంత నయమో, ఏది వాడకూడదో గుర్తులు పెట్టి, ఆయా పంచాయతీ కార్యాలయాల్లో ఇచ్చాం. సీసాలు పట్టుకుపోతారని అడిగిన పెద్దమ్మ ఇంటికి కూడా వెళ్ళి, వాళ్ళ పంపు నీటి అంకె చెప్పాను, మందు ఇంకా తయారు కాలేదని కూడా చెప్పాను. మా తరువాతి బ్యాచ్‌లో ముగ్గురు అదే గైడ్ దగ్గర చేరి, పూత పెట్టిన బొగ్గును గొట్టంలో నింపి దాని మీదుగా నీటిని నెమ్మదిగా పంపే కాలమ్ ప్రయోగాలు మొదలుపెట్టారు. మొదటి వారం నుంచీ వాళ్ళు వాడుతున్నది మా ఊరి బోరు నీరే.